బోర్డు మీది ఈశ్వరప్ప

ఆరున్నర బస్సుకు బయలుదేరి, ఎనిమిదికల్లా పెనుకొండలో దిగి, గంటన్నరలో యూనివర్సిటీ చూపించేసి, పదకొండు బస్సుకు ధర్మవరం తిరిగి వచ్చేయాలని ఈశ్వరప్ప అనుకున్నాడు. ధర్మవరం బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చెప్పడమే ఆయన ఉద్యోగం కాబట్టి, వేళల విషయంలో ఆయన లెక్క తప్పేది కాదు. ఆయనకు దిగులల్లా బావమరిది సంజీవప్పతోనే.

కూతురు నిర్మలకు ఆ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. 2002 జూన్ నెల. చేరడానికి నాలుగు రోజులే గడువు. తల్లి కౌసల్యమ్మ మాత్రం ఒక మెలిక పెట్టింది. "మా సంజీవ ఆడికి పోయి అంతా చూసి, బాగుండాది అంటేనే పిల్లను హాస్టలుకు పంపేది. నీ మాట నేను నమ్మను. నువ్వు చదువుకున్న కాలేజీ అని ప్రేమ."

ఆ ప్రేమ కథ ఇది. పెనుకొండ కొండ కింద తెల్లవాళ్ళ కాలంలో కట్టిన రాతి కాలేజీ ఉంది. పదేళ్ళ కింద దాన్ని యూనివర్సిటీ చేశారు. 1973లో ఈశ్వరప్ప అక్కడ బి.ఏ.లో చేరిన మాట నిజం. ఇంటి మీద బెంగతో పదకొండో రోజున రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చేసిన మాట కూడా నిజమే. అయితే పెళ్ళిచూపుల్లో ఆయన మొదటి మాట మాత్రమే చెప్పాడు. రెండో మాట చెప్పడానికి మంచి సమయం చూస్తూ చూస్తూ ఇరవై మూడేళ్ళు గడిపేశాడు.

సోమందేపల్లి నుంచి వచ్చిన సంజీవప్ప పెనుకొండ బస్టాండులో తండ్రీకూతుళ్ళకు ఉడికిన శెనక్కాయల సంచితో ఎదురయ్యాడు. "ఏం బావా, ఇన్నేండ్లకు నీ కాలేజీ చూపిస్తాండావు! ఒక్కటి గూడా వదలకుండా చూపించల్ల."

"చూసేదానికి ఏముందప్పా, రాళ్ళు, చెట్లు. జల్దీ పోయి జల్దీ వద్దాం," అన్నాడు ఈశ్వరప్ప, అప్పటికే గడియారం చూసుకుంటూ.

యూనివర్సిటీ రోడ్డు పొడుగునా జెరాక్స్ షాపులు, ఎస్టీడీ బూతులు, మెస్సులు. ఒక పాత మిద్దె కింది టీ కొట్టు దగ్గర సంజీవప్ప నిలబడ్డాడు. "మీ కాలంలో గూడా ఈడనే తాగుతాంటిరా టీ?"

"ఈడనే. దినం సాయంత్రం."

టీ పోస్తున్న ముసలాయన తలెత్తాడు. "అప్పుడు ఈడ గుర్రాల కొట్టం ఉండేది సామీ."

"కొట్టం పక్కన," అని ఈశ్వరప్ప టీ సగంలో వదిలేసి నడక అందుకున్నాడు.

రాతి కమాను దాటి లోపలికి పోగానే సంజీవప్ప ప్రశ్నలు జోరందుకున్నాయి. క్లాసు ఏది, హాస్టలు రూము ఏది, సార్లు యాడ కూర్చుంటారు? నిర్మల ఇద్దరి వెనకా నడుస్తోంది. ఈశ్వరప్ప ధైర్యం చేసి, వరండా చివరి తలుపు వైపు చెయ్యి చూపించాడు. "అదో, అదే నేను రెండేండ్లు కూర్చున్న క్లాసు."

"నాయనా, దాని మీద 'స్త్రీల విశ్రాంతి గది' అని రాసుండారు," అంది నిర్మల మెల్లగా.

"ఇప్పుడు మార్చినారులేమ్మా."

లైబ్రరీ చూపించి, పరీక్షలప్పుడు ఆ మెట్ల మీదే పడుకుని చదివేవాడినని చెప్పాడు. సంజీవప్ప గోడలోని శిలాఫలకం దగ్గరికి పోయి కూడబలుక్కుంటూ చదివాడు. "వెయ్యిన్ని తొమ్మిదివందల ఎనభై ఎనిమిదిలో కట్టినారంట బావా."

"మెట్లు పాతవి," అన్నాడు ఈశ్వరప్ప. చొక్కా వీపుకు అంటుకుపోయింది. వీడికి అనుమానం వచ్చింది, ఇంటికి పోయి అక్కకు చెప్తాడు, మొగుడే అబద్ధాల కోరని తెలిస్తే ఆమె పిల్లను ఇక్కడ చేర్చదు. ఎలాగైనా ఒక్క సాక్ష్యం చూపించాలి. ఒక్కటి చాలు.

మెయిన్ హాల్లో గోడకు పెద్ద చెక్క బోర్డు కనిపించింది. ఆటల్లో గెలిచినవాళ్ళ పేర్లన్నీ దాని మీద వరసగా ఉన్నాయి. 1974, జావెలిన్, ... ఈశ్వరప్ప. ఇంటిపేరు అక్షరం రంగు రాలిపోయింది. ఈశ్వరప్ప ప్రాణం లేచి వచ్చింది.

"ఇది చూడప్పా సంజీవా! ఈటె విసిరేదాంట్లో ఫస్టు. ఎవురనుకుంటివి?"

ధర్మవరం బస్టాండంతా వినబడే గొంతు అది. హాలు చివర మెడలో విజిల్ వేసుకుని నిలబడ్డ మనిషి పరుగున వచ్చాడు. వ్యాయామ అధ్యాపకుడు వీరేష్. అతను ఈశ్వరప్ప రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సార్, మీరేనా ఆ ఈశ్వరప్ప సార్? ఇరవై ఎనిమిదేండ్లుగా మీ రికార్డు ఎవురూ కొట్టలేదు సార్! ఈ దినం మాకు కాలేజీల పోటీలు. ప్రారంభించేదానికి వస్తానన్న పెద్దమనిషి హిందూపురం నుంచే కదల్లేదు. దేవుడు పంపినట్ల వచ్చినారు!"

"లేదప్పా, పదకొండు బస్సు..."

"ఒక్క ఈటె సార్! ఊరికే అట్ల విసిరి పోండి."

"భుజం నొప్పి ఉండాది."

"నొప్పి ఏం చేస్తుంది బావా? చెయ్యి మరిచిపోతుందా?" అన్నాడు సంజీవప్ప, కళ్ళు మెరిపిస్తూ.

పది నిమిషాల్లో ఈశ్వరప్ప గ్రౌండు మధ్యలో ఉన్నాడు. మూడు వందల మంది పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. పక్కనే షామియానా కింద రిజిస్ట్రారూ, ప్రొఫెసర్లూ కుర్చీల్లో ఉన్నారు. వీరేష్ మైకులో ఆయన్ను సింహమని పొగిడి, ఈటె ఎక్కడ పడుతుందో అని టేపు పట్టుకున్న ఇద్దరిని గ్రౌండు చివరిదాకా తరిమాడు. ఈటెను చేతిలో పెట్టగానే ఈశ్వరప్పకు తెలిసింది, అది తాను అనుకున్నదానికంటే చాలా పొడుగని.

చెప్పులు విడిచాడు. నాలుగడుగులు పరిగెత్తాడు. ఐదో అడుగులో ప్యాంటు కాళ్ళకు చుట్టుకుంది. ఈటె ముందుకు పోకుండా పక్కకు తిరిగి, షామియానా గుంజకు కట్టిన తాడును పుటుక్కున తెంచి నేలలో దిగబడింది. గుంజ ఒరిగింది. షామియానా తొందరేమీ లేకుండా, మెల్లగా, రిజిస్ట్రారుతో సహా అందరి మీదా వాలింది. గుడ్డ కింద తలకాయలు ఒక్కొక్కటే లేచి అటూ ఇటూ కదిలాయి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ గ్రౌండంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం భరించలేక ఈశ్వరప్ప వీరేష్ చేతిలోంచి మైకు లాక్కున్నాడు. నోరు అలవాటు చొప్పున తెరుచుకుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి! బోర్డు మీదుండే ఈశ్వరప్ప నేను కాదు. ఆయన యాడుండాడో నాకు తెల్దు. నేను ఈ కాలేజీలో పదకొండు దినాలే ఉంటి. అమ్మ గుర్తుకొచ్చి పారిపోతి. నాకు డిగ్రీ లేదు. ఆగిపోయిన పోటీలు కొద్దిసేపట్లో బయల్దేరును. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

పిల్లలు ఒక్కసారిగా గొల్లున నవ్వారు. తర్వాత ఎందుకో చప్పట్లు కొట్టారు, ఇందాకటికంటే గట్టిగా. రిజిస్ట్రారు గుడ్డ కింది నుంచి బయటపడి, కళ్ళజోడు సరిచేసుకుని, "ఎవరీయన?" అన్నాడు.

గుంపులోంచి నిర్మల ముందుకొచ్చింది. "మా నాయన సార్. నేను ఎమ్మెస్సీలో చేరాలని వచ్చినాం."

సీటు పోయినట్టే అనుకున్నాడు ఈశ్వరప్ప. రిజిస్ట్రారు ఆమెను చూశాడు, నేలలో దిగబడ్డ ఈటెను చూశాడు.

"నువ్వు ఆటలు ఆడతావామ్మా?"

"లేదు సార్."

"మంచిది. చేరు."

పదకొండు బస్సు పోయి చాలాసేపయింది. బస్టాండు బల్ల మీద ఈశ్వరప్ప తల దించుకుని కూర్చున్నాడు. "సంజీవా, ఇరవై మూడేండ్లు మోసం చేసినా. మీ అక్కకు నేనే చెప్తాలే. పిల్ల చదువు మాత్రం ఆపొద్దండప్పా."

సంజీవప్ప శెనక్కాయ ఒలిచి గింజలు నిర్మల చేతిలో పోశాడు. "యాడ మోసం బావా? పెండ్లికి ముందే మా నాయన ఈడికి వచ్చి విచారించుకున్యాడు. పదకొండు దినాలని మాకందరికీ తెలుసు. అక్కకూ తెలుసు."

"తెలిసి పిల్లనిచ్చినారా?"

"అమ్మ కోసం పారిపోయి వచ్చినోడు పెండ్లాన్ని విడిచి యాడికి పోతాడు అన్యాడు మా నాయన."

ఈశ్వరప్ప తలెత్తాడు. "మరి పొద్దున్నుంచి ఏంటికప్పా అన్ని ప్రశ్నలు అడిగితివి?"

"నువ్వు చెప్తాంటే బాగుంటుంది బావా," అన్నాడు సంజీవప్ప.

సాయంత్రం ముగ్గురూ ధర్మవరం చేరారు. వాకిట్లోనే కౌసల్యమ్మ తమ్ముణ్ణి నిలదీసింది. "ఎట్లుండాది?"

"బలే ఉండాది అక్కా! పిల్లను నిశ్చింతగా పంపు. బావను చూసి సార్లంతా లేచి నిలబడినారు. బావ ఈటె విసిరితే కాంపౌండు దాటి, రైలు పట్టాల అవతల పడె. టేపు చాలకపోతే ఇంకో టేపు తెప్పించినారు!"

కౌసల్యమ్మ మొగుడి వైపు చూసింది. ఈశ్వరప్ప మెల్లగా తల ఊపాడు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అబద్ధాలు చెప్పే పని సంజీవప్పది, వాటికి తల ఊపే పని ఈశ్వరప్పది.