ఆరోగ్యమ్మ మేకకు రెండో కొమ్ము

ఆ ఆదివారం ఉదయం యోహాన్ చేయవలసిన పనులను అతని భార్య మిరియం కాగితం మీద రాసిపెట్టింది. చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. పూలదండలు తేవాలి. ఆరోగ్యమ్మగారి మేకను పదింటిలోగా చర్చికి చేర్చాలి. దారిలో ఏ జంతువు బొమ్మా గీయకూడదు. చివరి దాని కింద రెండు గీతలు కొట్టి, తాను అలంకరణకు ముందుగానే వెళ్ళిపోయింది.

అది కోతల పండుగ. విశ్వాసులు తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్ళు, మేకలు ప్రార్థన తర్వాత చర్చి ఆవరణలో వేలం వేస్తారు. మోకాలి ఆపరేషన్ బాగా జరిగితే మేకను ఇస్తానని పక్కింటి ఆరోగ్యమ్మ మొక్కుకుంది. మోకాలు బాగుపడింది గానీ, మేకను లాక్కెళ్ళేంత బాగుపడలేదు. అందుకని దాన్ని యోహాన్ చేతిలో పెట్టింది. "బాబూ, దేవుడి సొమ్ము. జాగర్త."

యోహాన్ గాజువాకలో ఒక కంపెనీ స్టోర్సులో గుమస్తా. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. సెలవురోజుల్లో మాత్రం చిత్రకారుడు, అదీ జంతువులకే. తండ్రి బండి ఎద్దు మెడ మీద పుండు ఉండేది. కొడుకు గీసిన బొమ్మలో ఎప్పుడూ ఉండేది కాదు. నోరులేని జీవికి బొమ్మలోనైనా సుఖం ఉండాలని అతని నమ్మకం.

ఆటో కోసం నిలబడినప్పుడు మేక గోడ పక్కన ఎండలో మెడ ఎత్తి నెమరు వేసింది. ఐదు నిమిషాలే కదా అని కాగితం, పెన్సిలు తీశాడు. తాడు వల్ల మెడ గీత తెగిపోతోందని తాడు విప్పాడు. ఫోను మోగింది.

"మేకని ఆటో ఎక్కించారా?" మిరియం గొంతు.

"ఆటో ఇంకా రాలేదు."

"బొమ్మ గీయలేదు కదా?"

యోహాన్ అబద్ధం ఆడలేడు. "ఏదో, కొంచెం," అన్నాడు.

"ఎంతవరకు వచ్చింది?"

"కొమ్ములు మిగిలాయి."

ఆ మేకకు నిజానికి ఒకటే కొమ్ము. రెండోది ఎప్పుడో విరిగింది. యోహాన్ రెండూ వంపుగా గీసి, కండ కూడా కొంచెం పట్టించి తల ఎత్తేసరికి గోడ ఉంది, ఎండ ఉంది, మేక లేదు.

రెండు వీధులు పరిగెత్తాక అది లారీ డ్రైవరు తాతబాబు పెరట్లో కట్టేసి కనిపించింది.

"ఆ మేక నాది బావా! అంటే, ఆరోగ్యమ్మగారిది."

"నా బీరపాదంతా మేసేసింది. అది సర్లే. మీదేనని రుజువేటి?"

యోహాన్ గర్వంగా బొమ్మ విప్పాడు. తాతబాబు బొమ్మను చూశాడు, మేకను చూశాడు, మళ్ళీ బొమ్మను చూశాడు.

"భలే గీసినావు బావా. కానీ నీ మేకకి రెండు కొమ్ములు. దీనికొకటే. నీది దిట్టంగా ఉంది, ఇది ఎముకల గూడు. ఇది నీది కాదు."

"నాను కాస్త బాగుచేసి గీసినాను..."

"పోయిన నెల్లో ఒకడు ఇలాగే నాదని కోడిని పట్టుకుపోనాడు. మర్నాడు అసలోడొచ్చి నా పీక మీద కూకున్నాడు."

యోహాన్ రబ్బరు తీసి రెండో కొమ్మును చెరపబోయాడు. తాతబాబు చెయ్యి పట్టేశాడు. "సాక్ష్యం మార్సేత్తన్నావేటి!"

తొమ్మిదిన్నర అయింది. ఇక దారిలేక ఆరోగ్యమ్మకు కబురు పంపారు. ఆమె కుంటుతూ వచ్చింది. మేక ఆమెను చూసి అరిచి, చీరకొంగు నోట పట్టుకుంది.

ఆరోగ్యమ్మ దానివైపు చూడలేదు. బొమ్మనే చాలాసేపు చూసింది.

"ఇదే నా మేక," అంది బొమ్మ మీద చెయ్యిపెట్టి.

"మరి ఇది?" అన్నాడు తాతబాబు.

"ఎవరిదో, నాకేటి తెలుసు?" అని కొంగు లాక్కుంది. తర్వాత యోహాన్‌ను పక్కకు పిలిచి చెవిలో చెప్పింది: "అవిటి మేకని దేవుడికెలా ఇస్తానని వారంరోజుల బట్టి నిద్రలేదు బాబూ. నువ్వు కొమ్ము పెట్టినావు. దీన్నే ఇచ్చేద్దాం."

పదింటికి బొమ్మ చర్చికి చేరింది. మిరియం భర్తను చూసిన చూపు ఇక్కడ రాయడానికి లేదు. పాస్టరుగారు మాత్రం సంతోషించి, దాన్ని వేలం వేయకుండా గోడకు తగిలించమన్నారు.

పరాయి సొమ్ము ఇంట్లో ఉంచుకోలేని తాతబాబు, క్రైస్తవుడు కాకపోయినా, సొంతదారుడిని దేవుడే వెతుక్కుంటాడని మేకను తోలుకొచ్చాడు. అతను నోరు తెరిచేలోగా పాస్టరుగారు "అన్యుడైనా ఎంత విశ్వాసం!" అని శాలువా కప్పేశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

వేలంలో ఒంటికొమ్ము బక్కమేకను ఎవరూ పాడలేదు. చివరికి వెనక వరసలోంచి ఆరోగ్యమ్మ చెయ్యెత్తింది.

"ఎవరిదో దిక్కులేనిది, పాపం. నాను పెంచుకుంటాను."

ఆ చర్చిలో ఆ బొమ్మను చూసినవారు అసలు మేకను కూడా ఒకసారి తలచుకోవాలని మనవి. బొమ్మలో ఆ మేక తప్ప అన్నీ బాగా కుదిరాయి.