ఆత్మపరిశీలనలో ఓబన్న ఫెయిలు

మా అనంతపురం సీమలో నీళ్లకు కరువుందేమో గాని నివేదికలకు లేదని సగర్వంగా మనవి. గుత్తి వైపున్న మా ఆఫీసు వాన కురిస్తే వరద నివేదిక పంపుతుంది. కురవకపోతే పేరు మార్చి దాన్నే కరువు నివేదికగా పంపుతుంది. ఇంతటి సర్దుబాటు గుణమున్న సిబ్బందికి ‘మార్పుకు సర్దుకోవడం, తన్ను తాను తెలుసుకోవడం’ అని శిక్షణ ఎందుకో ఆ పైవాడికే, అంటే పై ఆఫీసరుకే, ఎరుక.

అందులో నెగ్గినవారికి గోరంట్లలో సూపరింటెండెంటు కుర్చీ. పోటీలో ఉన్నది జయరాం, ఓబన్న. ఓబన్నకు కుర్చీ మీద కన్నా గోరంట్ల మీదే ఆశ. భార్య లక్ష్మీదేవి అక్కడ. ఇక్కడ అద్దె గదిలో తాను మాడ్చుకున్న సంగటి తనకే.

బెంగళూరు నుంచి వచ్చిన శిక్షకుడు మా ఎండకు జడిసి కారు దిగలేదు. ఏసీలో కూర్చుని, అద్దం కాస్త దించి, మైకులో సెలవిచ్చాడు: “పరిస్థితులకు సర్దుకోవాలి మిత్రులారా! ఇప్పుడు ఒక్కొక్కరూ మీ లోపం చెప్పండి.”

తన గురించి తాను చెప్పుకోవడం మా ఆఫీసులో అమర్యాద. కనుక అందరూ పక్కవారి గురించి చెప్పారు.

“నాకేం లోపముండాది సార్? ఈ తిమ్మప్పే ఫైళ్ల మీద తల పెట్టి నిద్రపోతాడు” అంది హనుమక్క.

“నువ్వు ఆఫీసుకు వస్తే కదమ్మా, లేపేది!” అన్నాడు తిమ్మప్ప.

జయరాం ఆఫీసు మొత్తం లోపాలు ఏకరువు పెట్టాడు. సెలవులో ఉన్న వాచ్‌మన్‌నూ వదల్లేదు.

చివర ఓబన్న లేచాడు. “పొలం మొగం చూడకుండానే కరువు రిపోర్టు రాసినా సార్. తప్పు నాదే.”

“ఏమప్పా, నీకేం పొయ్యేకాలం? దాని మీద సంతకాలు మావీ ఉండాయి గదప్పా!” తిమ్మప్ప ఓబన్న చొక్కా పట్టి లాగాడు.

“ఇదీ ఆత్మజ్ఞానం!” అన్నాడు శిక్షకుడు. చప్పట్లు మోగాయి.

వారంలోగా ఉత్తర్వు వచ్చింది: ‘ఓబన్న తన లోపాన్ని స్వయంగా అంగీకరించినందున పదోన్నతికి అనర్హుడు. మిగతావారు తమ లోపాలేవీ తెలుపనందున, లేవని భావించడమైనది.’ నిశిత పరిశీలనకు గాను జయరాం గోరంట్లకు. శిక్షణ అందరికీ, శిక్ష ఓబన్నకు.

ఓబన్న ఇంటికి ఫోన్ చేశాడు. “మే, నేను నిజం చెప్పినా.”

“నువ్వు ఆడికి పోయింది నిజం చెప్పేదానికా, గోరంట్లకు వచ్చేదానికా?” అని పెట్టేసింది లక్ష్మీదేవి.

పాఠకులారా, ఇది చదువుతూ మీ పక్క సీటాయన గుర్తొచ్చి నవ్వుకున్నారు కదూ? అభినందనలు. శిక్షణలో మీరూ నెగ్గారు.