నలుగురు పట్టే గుడారం

ఆ ఆదివారం లిఫ్టు మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే దుకాణానికి వెళ్ళి గుడారం, పడుకునే సంచులు, ఒక చిన్న పొయ్యి కొనుక్కుని భోజనాలవేళకి ఇల్లు చేరాలి. వచ్చే శనివారం కూతుళ్ళిద్దరినీ అడవిలో ఒక రాత్రి ఉంచి తీసుకొస్తానన్నాడు. చిన్నది గంతులేసింది. పెద్దది "సరే" అంది. తల్లి పోయినప్పటినుంచి ఆ పిల్ల దేనికైనా సరే అనడం అదే మొదలు. ఆ ఒక్క మాట ఎక్కడ చెయ్యి జారిపోతుందోనని అతనికి ఒకటే బెంగ.

దుకాణంలో అమ్మాయి నవ్వుతూ అడిగింది. "ఎంతమందండీ?"

"నలుగురం."

మనుషులను లెక్కపెట్టడం అతని పనిలో భాగం. ఎంతమంది ఎక్కారో చూడందే లిఫ్టు కదలనివ్వడు. అలాంటివాడు తడుముకోకుండా నలుగురం అన్నాడు.

"మేడమ్ గారు ఎంత ఎత్తుంటారు?"

"నా భుజం దాకా వస్తుంది. చలికి అస్సలు ఆగదు, కాస్త మందపాటిది చూడండి."

బిల్లు చేతికొచ్చాక గాని తనేం కొన్నాడో అతనికి తెలియలేదు. తెలిశాక కూడా నోరెత్తకుండా డబ్బు కట్టి వచ్చేశాడు.

ఏదైనా బిగించి చూడనిదే నమ్మడు కాబట్టి, రాగానే గుడారాన్ని హాల్లోనే నిలబెట్టాడు. సోఫాని గోడకి నెట్టాల్సొచ్చింది. పెద్దమ్మాయి సంచులు సర్దుతూ ఒకదాని దగ్గర ఆగిపోయింది.

"నాన్నా, ఈ ఊదారంగుది ఎవరికి?"

"అదా... అది... ఊరికే," అని నీళ్ళు నమిలి, కుట్లు చూడాలంటూ గుడారంలో దూరి జిప్పు వేసేసుకున్నాడు. నిజానికి కుట్లతో అతనికేం పనిలేదు.

పెద్దమ్మాయి వంటింట్లోకి వెళ్ళి మేనత్తకి ఫోన్ చేసింది. "అత్తా, నాన్న ఇంకెవర్నో కూడా తీసుకొస్తున్నాడు."

మేనత్త అంటే మెకానిక్‌కి సొంత అక్క. ఇలాంటి కబురు ఒంటరిగా మోయగల మనిషి కాదు. దారిలో చుట్టాలందరికీ ఫోన్లు చేసి, "మా తమ్ముడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాడు" అని చెప్పేసి, పిల్లల అమ్మమ్మని కూడా వెంటబెట్టుకుని దిగింది.

అప్పటికి మెకానిక్ బయటికి రావాలనే చూస్తున్నాడు. జిప్పు గుడ్డని కరిచి పట్టుకుంది. లిఫ్టుల్లో ఇరుక్కున్న ఎంతోమందిని బయటికి లాగిన మనిషి, సొంతింటి హాల్లో ఇరుక్కుపోయాడు.

"బయటికి రారా! ఎవరా మనిషి?"

"ఎవరూ లేరక్కా. జిప్పు రావట్లేదు."

"జిప్పు మీద పెడతావేంట్రా!"

సోఫా మీద అతని ఫోన్ మోగింది. అక్క స్పీకర్‌లో పెట్టింది.

"సార్, పొద్దున మీకు పొరపాటున పల్చటి సంచి ఇచ్చేశామండీ. మేడమ్ గారు చలికి ఆగరని మరీ మరీ చెప్పారు కదా! ఈసారి ఆవిణ్ణి కూడా తీసుకురండి, బూట్లు చూపిస్తాం."

"చలి సంగతి కూడా తెలుసన్నమాట!" అక్క ఒంటికాలి మీద లేచింది. అమ్మమ్మ కుర్చీలో కూలబడింది.

"నేను రాను," అంది పెద్దమ్మాయి గుడారం వైపు చూస్తూ. "ఆవిడతోనే వెళ్ళు. మాకు సంచులూ వద్దు, ఏమీ వద్దు."

లోపల జిప్పు లాగుతున్న చప్పుడు ఆగిపోయింది. అమ్మమ్మే అడిగింది.

"చెప్పు నాయనా. నేనేమీ అనుకోను. ఎవరి కోసం కొన్నావు?"

"మీ అమ్మాయికేనండీ, అత్తయ్యగారూ."

ముఖం కనబడకపోవడం అతనికి కాస్త ధైర్యమిచ్చింది.

"ఎంతమందంటే నలుగురం అనేశాను. ఎప్పుడూ అలాగే అంటాను కదా. బిల్లు కట్టేటప్పుడు గుర్తొచ్చింది. ఒకటి తీసెయ్యమందామంటే ముగ్గురం అని చెప్పాలి. చెప్పలేకపోయానండీ. నోరు రాలేదు."

గుడారం బట్ట కాసేపు వణికింది. గాలి లేదు, ఫ్యాన్ కూడా తిరగట్లేదు. చిన్నది వచ్చి బయటినుంచి ఆ బట్టని పట్టుకుని నిలబడింది. అమ్మమ్మ ఊదారంగు సంచి ఒళ్ళో పరుచుకుని, ఈ కొసనుంచి ఆ కొసదాకా నిమిరింది.

"ఇంకాస్త పొడుగుంటే బాగుండేది నాయనా. అది కాళ్ళు చాపి పడుకుంటుంది," అంది, ఏడుస్తూనే.

"హలో?" అంది ఫోన్. అది ఇంకా పెట్టెయ్యలేదని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. "మేడమ్ గారేనా అండీ మాట్లాడేది?"

అక్క చేతిలోంచి ఫోన్ పెద్దమ్మాయి తీసుకుంది.

"కాదండీ. నేను వాళ్ళమ్మాయిని. మా అమ్మ చనిపోయింది." అమ్మమ్మ ఒళ్ళోని సంచి వైపు చూసింది. "మేం ముగ్గురమే. సంచి మాత్రం మార్చి ఇవ్వండి, మందపాటిదీ, పొడుగుదీ. నాన్నా నేనూ వచ్చి తీసుకుంటాం."

ఆ మాట ఆ ఇంట్లోవాళ్ళు పరాయి మనిషికి చెప్పడం అదే మొదటిసారి. ఫోన్ పెట్టేసి, ఆ పిల్ల గుడారం ముందు మోకాళ్ళమీద కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ జిప్పుతో కుస్తీ పట్టింది.

"లాగకు నాన్నా, వదిలెయ్. నేను తీస్తాగా."

శనివారం వాళ్ళు ముగ్గురూ నాలుగు సంచులతో బయల్దేరి వెళ్ళారు. మేనత్త మాత్రం ఇంట్లోనే ఉండి, పెళ్ళేమీ లేదని చుట్టాలందరికీ మళ్ళీ ఫోన్లు చేసింది గాని, ఒక్కరూ నమ్మలేదు.