పోచయ్య కంటిజల్లెడ

ఒక పెద్ద అడవిలో నీళ్లకన్నా ప్రకటనలే ఎక్కువ. వేసవిలో ఏ మడుగులో నీళ్లున్నాయో, ఏ దారిలో పులి పడుకుందో రోజూ పొద్దున్నే ఒక నున్నటి బండ మీద సున్నంతో రాసేది నక్క. బండ నక్కదే. ఆ కబురు బండ మధ్యలో రెండే ముక్కలు. చుట్టూ మాత్రం దుమ్ములగొండి పళ్లపొడి, ఎలుగుబంటి తేనె, కొంగగారి ఉపవాస దీక్షా శిబిరం.

"ఇవన్నీ చదివి నీళ్లెక్కడో తెలుసుకునేసరికి నాలుక పిడచకట్టుకుపోతోంది," అని అడవిదున్న మొత్తుకుంది.

"ఊరికే చదువుకుంటూ మళ్లీ మూలుగుడొకటా?" అంది నక్క.

ఇది విని గిజిగాడు పోచయ్యకి ఒళ్లు మండింది. గడ్డిపోచలతో కళ్లకి కట్టుకునే జల్లెడ అల్లాడు. అది కట్టుకుని బండ ముందు నిలబడితే ప్రకటనలన్నీ పోచల చాటుకి పోయి, నీళ్ల కబురొక్కటే కనబడేది. అడవంతా ఎగబడింది. మహారాజు సింహం కూడా ఒకటి కట్టించుకుంది.

పోచయ్య మహా జాగ్రత్తపరుడు. జల్లెడ ఇచ్చేముందు మోదుగాకు మీద ప్రతివాళ్ల కాలిముద్రా తీసుకునేవాడు. ఆకు మీద ఇలా ఉండేది: 'నా కళ్లముందున్నదంతా మార్చే హక్కు జల్లెడ యజమానికి ఇస్తున్నాను.'

"ముద్ర ఎక్కడెయ్యాలి బాబాయ్?" అని అడిగింది కుందేలు. ఇందులో ఏముందని ఒక్కరూ అడగలేదు. ఆకులు తినడానికే గాని చదవడానికి కావని ఆ అడవి నమ్మకం.

ఇంతకీ పోచయ్య మనసంతా రవ్వమ్మ మీదే. గిజిగాళ్ల పద్ధతి మీకు తెలిసిందే. మగవాడు గూడు అల్లాలి, ఆడపిట్ట వచ్చి చూడాలి, నచ్చితేనే సంసారం. "తొలకరి చినుకు పడేలోపు గూడు పూర్తి కావాలి. సగం గూటికి నేను రాను," అని రవ్వమ్మ తేల్చి చెప్పింది.

నక్క ఊరుకుంటుందా? నీళ్ల కబురుని రోజుకో మూలకి మార్చడం మొదలెట్టింది. తెల్లారేసరికి పోచయ్య చెట్టుకింద గొడవ.

"నా జల్లెడలో పళ్లపొడి ఒక్కటే కనబడుతోంది!" అంది దున్న.

"నాకు పులి కబురు కనబడక తోక పోయింది. ఎవరిస్తారు, నువ్విస్తావా?" అని కోతి మీదమీదకి వచ్చింది.

పాపం, రోజంతా జల్లెడలు విప్పడం, మళ్లీ అల్లడం. గూడు సగంలోనే వేలాడుతోంది. ఇది చాలదన్నట్టు నక్క సింహం దగ్గర కేసు పెట్టింది.

"నా బండ పాడుచేశాడు మహారాజా."

"బండ మీద గీత పడిందా?"

"లేదు. చూసేవాళ్ల కళ్లలో పడింది."

"కళ్లెవరివి?"

"వాళ్లవే. చూపు మాత్రం నా బండది!"

సింహానికి తల తిరిగి వాయిదా వేసింది. అలా పదిహేడు వాయిదాలు. ఒక్కదానికి రాకపోయినా గూడున్న కొమ్మ జప్తు. అవతల మబ్బులు కమ్ముకొస్తున్నాయి.

"ఎందుకు నాయనా ఈ యాతన?" అంది నక్క ఓ రోజు చెట్టుకింద చేరి. "జల్లెడల హక్కులూ, ఆ ముద్రాకులూ నాకు రాసిచ్చెయ్. కేసు తీసేస్తా. హాయిగా గూడు కట్టుకో."

పోచయ్య రాసిచ్చేశాడు. నేనైనా అదే చేసేవాణ్ణి.

మరమ్మతు పేరుతో జల్లెడలన్నీ పోగుచేసి, ఒక్కోదాని పై అంచుకి ఒక్కో ప్రకటన వేలాడదీసింది నక్క. ఇక బండే కాదు, ఎటు చూసినా దానిమీద ప్రకటనే. విప్పి పారేయొచ్చుగా అంటారా? అలవాటు పడ్డాక ఎవరు విప్పుతారండీ!

"మా ఆవిడ మొహం మీద పళ్లపొడి కనబడుతోంది మహారాజా!" అని కుందేలు ఏడ్చింది. నక్క ముద్రాకు తీసి చూపించింది.

"ముద్ర నీదేనా?" అంది సింహం.

"నాదే."

"అయితే ఆ పళ్లపొడేదో కొనిపెట్టు. కేసు కొట్టేశాను."

నక్క ఆనందంతో సింహం ముందు సాగిలపడింది. మరమ్మతై వచ్చిన తన జల్లెడ ఎలా ఉందో చూద్దామని సింహం కట్టుకుంది. దానికి వేలాడుతున్నది దుమ్ములగొండిగారి కొత్త ప్రకటన: 'లేత మాంసం. ఇక్కడే.' దాని కింద నక్క.

"నేను మహారాజా! మీ నక్కని!"

"నిన్నటిదాకా. నా కళ్లముందున్నదంతా మార్చే హక్కు నీకిచ్చాను, నువ్వు మార్చావు. చట్టం చట్టమే," అంటూ సింహం లేచింది. నక్క అందుకున్న పరుగు పక్క అడవి దాటేదాకా ఆగలేదు. జల్లెడలు మాత్రం అలాగే ఉండిపోయాయి. వాటిమీద ముక్కు పెట్టే హక్కు పోచయ్యకి లేదు, రాసిచ్చేశాడుగా.

అయినా గూడు పూర్తయింది. ఎంత అందంగా ఉందో! మబ్బు ఉరుముతుండగా రవ్వమ్మ వచ్చింది, పోచయ్య ఎప్పుడో ప్రేమగా అల్లిచ్చి, నక్క మరమ్మతు చేసిన జల్లెడ కట్టుకుని. గూటి చుట్టూ రెండుసార్లు తిరిగింది.

ఆమెకి గూడు కనబడింది. దానిపైన రాత కూడా కనబడింది: 'ఇంతకన్నా గట్టి గూడు పక్క కొమ్మన.'

"అలాగా, ముందే చెప్పారు, మంచిదైంది," అని రవ్వమ్మ పక్క కొమ్మకి ఎగిరిపోయింది. అప్పుడే తొలి చినుకు పడింది.

నీతి: పెళ్లిచూపులకి వచ్చే పిల్లకి కళ్లజోడు నువ్వివ్వకు, ఇచ్చినా, ఆ కొట్టు ఇంకొకడికి అమ్మకు.