ఆటో పరీక్షలో నెగ్గిన పియానో

ఆదోని ప్రజలకు శుభవార్త. పియానోలో మెల్లగా మోగే స్వరాల బెడద మన పట్టణంలో సంపూర్ణంగా తొలగిపోయింది. ఈ ఘనత ఉమేర్‌ది. అతని చెల్లెలు నిఖత్ మాత్రం ఇంతవరకు కృతజ్ఞత తెలపలేదు.

వాళ్ళ తాత ఏదో మిల్లు బంగళా వేలంలో కొన్న పాత పియానో మీద నిఖత్ ఒక బాణీ వాయించింది. హైదరాబాదులో ఒక సంగీత కళాశాల సీటు కోసం ఆ రికార్డింగు పంపాలి. నడుమ ఒకచోట చప్పుడు తగ్గి తగ్గి ఊపిరంత మెల్లగా నడుస్తుంది. ఆ కాస్త కుదరడానికి ఆ పిల్ల ఏడాదంతా వేళ్ళరిగేలా వాయించింది. సీటొస్తే దానివల్లే వస్తుందని ఆమె నమ్మకం.

వీడియోలు చూసి ఇంట్లోనే స్టూడియో పెట్టిన ఉమేర్ మిగతా బాధ్యత స్వీకరించాడు. పెద్ద స్టూడియోలవాళ్ళు పాటను చివరగా కారులో పెట్టి వింటారట. కారు లేదు కనుక ఇతను ఎమ్మిగనూరు వెళ్ళే షేర్ ఆటోలో పెట్టాడు.

"పాట నడాన సచ్చిపోయిందేమప్పా?" అన్నాడు డ్రైవరు వెంకటేశులు. ఇంజను మోతలో మెల్లని ముక్క ఎవరికీ వినబడలేదు. పైగా ఎడమచేతి స్వరాలకు ఆటో స్పీకరు బాక్సులు దడదడలాడాయి.

నిపుణుల తీర్పు శిరసావహించి, ఉమేర్ ఈక్వలైజరుతో కింది స్వరాలను కోసేశాడు. కంప్రెసరుతో గట్టివాటి తల వంచి, మెల్లనివాటిని జుట్టు పట్టి లేపి, అన్నిటినీ ఒకే ఎత్తున నిలబెట్టాడు. పత్తి బేళ్ళ ఊళ్ళో పుట్టినవాడికి అదమడం ఒకరు నేర్పాలా? రెండో పరీక్షలో ఆటో మొత్తం తలలూపింది. ఒకాయన రింగుటోనుగా అడిగి పెట్టించుకున్నాడు.

"నా మెల్లని ముక్క యాడికి పోయింది భాయ్?" నిఖత్‌కు ఏడుపొచ్చేసింది.

"యాడికీ పోలేదు. అందరికీ ఇనబడేటట్లు చేసినా," అన్నాడు ఉమేర్ ప్రేమగా. అప్పటికే కళాశాలకు పంపేశాడు కూడా.

జవాబు వచ్చింది. యంత్రాలు వాయించినవి స్వీకరించబోమని, సీట్లు నిండాయని.

యంత్రంతో సమానమన్నారంటే మాటలా! పియానో కదలదు కనుక ఆటో డ్రైవర్లు ఉమేర్ ఇంటి ముందే సన్మానసభ జరిపారు. "సంగీతంలో సమానత్వం తెచ్చిన మహానుభావుడు!" అని వెంకటేశులు ఉమేర్‌కు శాలువా కప్పాడు. మర్యాదకు, లోపల పియానో దగ్గర మైకు పెట్టి నిఖత్‌నూ వాయించమన్నారు.

ఆమె ఆ ముక్క దగ్గరికి వచ్చింది. వేళ్ళు తేలికయ్యాయి. మైకు మీట దగ్గర కూర్చున్న అన్న కళ్ళు చెమర్చడం చూసింది. ఏడాది కష్టం ఒక్కడికైనా అందిందనుకుంది.

"మైకు పోయింది! సౌండు పెంచప్పా!" అని కేకలు.

శాలువా కప్పించుకున్నవాడు ఏం చేస్తాడు? పెంచాడు. ఇక వినకపోయినా వినబడుతుంది కనుక, అందరం హాయిగా కబుర్లలో పడ్డాం.