బావి మేస్త్రీకి స్వాగతం

"మా శాఖలో చేరిన రోజును ఉద్యోగి చచ్చేదాకా మరిచిపోకూడదు!" అని బావుల మంత్రిగారు ప్రకటించారు. కర్నూలు రాజధాని అయిన మరుసటి వేసవి అది. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. బావుల శాఖ గుడారం ముందు అర్జీలు రాసుకునే నేను అందరికంటే ముందు చప్పట్లు కొట్టాను.

మొదట చేరినవాడు ఓర్వకల్లు దావీదురాజు. రాతినేలలో బావులు తవ్వడంలో మొనగాడు. గడ్డపార భుజాన వేసుకుని వచ్చేసరికి సన్నాయి మోగింది. మంత్రిగారు స్వయంగా పన్నీరు చల్లారు.

"బావి యాడ తవ్వాల దొరా?"

"తొందరేమిటయ్యా? ముందు స్వాగతం పూర్తి కానీ. అంతవరకు పని ముట్టుకోకూడదు," అన్నారు స్వాగతాధికారి సుందరంగారు. ఆ పోస్టు ముందురోజే పుట్టింది.

మర్నాడు కార్యదర్శిగారి స్వాగతం. తర్వాత సూపరింటెండెంట్లు, గుమాస్తాలు, బంట్రోతులు, హోదా ప్రకారం. అయిదోరోజుకు దండల ఒరిపిడికి దావీదురాజు మెడ దద్దుర్లు తేలింది. ఒక డాక్టరును నియమించారు. ఆయనా కొత్త ఉద్యోగే కనుక, దద్దుర్లు చూడకముందే ఆయనకూ స్వాగతం మొదలైంది.

తొమ్మిదోరోజు పత్తికొండ దగ్గరి పల్లె నుంచి భీమమ్మ వచ్చింది. బావి కోసం ఆమెకు మూడు అర్జీలు రాసిచ్చింది నేనే.

"ఏమప్పా, బావి మేస్త్రీవి నువ్వేనంట గదా? మా ఊర్లో పిల్లోళ్లు బురదనీళ్లు తాగుతాండారు. ఈడ ఏం చేస్తాండావు?"

దావీదురాజు దండల్లోంచి తల బయటపెట్టాడు. "స్వాగతం చేయించుకుంటాండానక్కా," అన్నాడు సిగ్గుపడుతూ. "ఇంకా పద్దెనిమిది దినాలు ఉండాదంట."

మర్నాటి స్వాగతసభకు అందరూ వచ్చారు, దావీదురాజు తప్ప. సుందరంగారి సమర్థత చూడండి! ఖాళీ కుర్చీకి దండవేసి సభ నడిపించారు. కుర్చీ తరఫున కృతజ్ఞతలు కూడా ఆయనే చెప్పారు.

మూడు వారాల తర్వాత భీమమ్మ కడవెడు నీళ్లతో, దావీదురాజును వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. ఊరంతా దావీదురాజుతో కలిసి తవ్వితే ముప్పై అడుగుల్లో జల పడిందట. మంత్రిగారు ఒక గ్లాసు తాగి, "అమృతం!" అన్నారు.

సుందరంగారు ఫైలు విప్పారు. "స్వాగతం పూర్తికాని ఉద్యోగి తవ్వింది బావి కాదండీ, గుంత."

"గుంతలో పిల్లలు పడరూ?" అని మంత్రిగారు కంగారుపడ్డారు.

"పూడ్పించేద్దామండీ."

"దాంట్లో నీళ్లుండాయి గద సామీ!" అంది భీమమ్మ.

"అందుకే మరీ ప్రమాదం," అన్నారు సుందరంగారు.

సాయంత్రానికి రెండు ఆర్డర్లు వెలువడ్డాయి. ఒకటి దావీదురాజును ఉద్యోగం నుంచి తీసేస్తూ. నేను చదివి వినిపిస్తే అతను రెండు చేతులూ జోడించాడు. "అమ్మయ్య! ఇంక బావులు తవ్వుకోవచ్చు గదా?" అని గడ్డపార తీసుకుని వెళ్లిపోయాడు.

రెండోది, గుంతలు పూడ్చే మేస్త్రీ కావాలని.

భీమమ్మ నా ముందు చతికిలబడింది.

"ఈ కొత్త మేస్త్రీకి స్వాగతం ఎన్ని దినాలు చేస్తారప్పా?"

"ఈసారి ఘనంగా చేస్తారంటమ్మా. ఏడాది పొడుగునా."

"అయితే ఆ పనికి నా పేరు రాయి," అంది భీమమ్మ.