స్టెడీగారి పరుగు ఫోటోలు

కాఫీ గ్లాసుతో గదిలోకి రాబోయిన ఇల్లాలు గుమ్మంలోనే ఆగిపోయింది. అద్దం ముందు ఆయనగారు మెడలో కెమెరా వేసుకుని, మోకాళ్ళు వంచి, ఎడమకో గెంతు, కుడికో గెంతు వేస్తున్నారు.

"ఏమైందండీ? నడుం పట్టేసిందా?"

"ప్రాక్టీసు. ఇవాళ కుక్కలు గెంతుతాయి కదా. వాటితోపాటు నేనూ గెంతాలి."

"కాస్త మెల్లగా గెంతండి. కింద వాటావాళ్ళు ఇంకా లేవలేదు."

ఆయన ఫోటోగ్రాఫరు. వీధి మలుపులో చిన్న స్టూడియో, అందులో ఒక నీలం పరదా, ఒక ఎత్తుపీట, రెండు గొడుగు లైట్లు. ఏళ్ళ తరబడి ఆ పీట మీద జనాన్ని కూర్చోబెట్టి, గడ్డం కొంచెం దించి, భుజాలు సరిచేసి, "స్టెడీ..." అంటూ పాస్‌పోర్టు ఫోటోలు తీస్తున్నారు. ఆయన "స్టెడీ" అన్నారంటే గోడ మీద బల్లి కూడా ఊపిరి బిగబట్టేదని వీధిలో చెప్పుకునేవారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చిన్నాపెద్దా అందరికీ ఆయన స్టెడీగారే. కదిలేదాన్ని ఆయన ఎన్నడూ ఫోటో తీసి ఎరగరు. చంటిపిల్లల్ని తీసుకొస్తే, "నిద్రపుచ్చి తీసుకురండమ్మా" అని వెనక్కి పంపేవారు.

ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళ చేతిలో ఉంది, ఎవరి ఫోటో వాళ్ళే తీసుకుంటున్నారు. పీట ఖాళీ. స్టూడియోలో సగం తీసేసి జిరాక్సు మిషను పెడదామని బావమరిది పట్టుబట్టాడు. పట్టుబట్టి ఊరుకోలేదు, నీలం పరదా వెనక గోడ మీద మిషను పట్టేంత మేర సుద్దముక్కతో గీత కూడా గీశాడు. ఆ సుద్ద చేతికి ఉండగానే జంతువుల ఆసుపత్రి డాక్టరమ్మ లోపలికి వచ్చింది.

"మా ఆసుపత్రికి క్యాలెండరు వేయిద్దామనుకుంటున్నానండీ. నెలకో ఫోటో. రకరకాల జాతుల కుక్కలు కావాలి. కానీ బుద్ధిగా కూర్చున్నవి వద్దు. పరిగెత్తాలి, గెంతాలి, ఒకదాని మీద ఒకటి పడి ఆడుకోవాలి. చూసినవాళ్ళకి కుర్చీలో కూర్చోబుద్ధి కాకూడదు. మీరలాంటివి తీస్తారా?"

స్టెడీగారు గోడ మీది సుద్దగీతను ఒకసారి చూశారు.

"తియ్యడమేమిటమ్మా! నేను తీసేవే అవి."

అబద్ధం నోరు జారాక ఆయనకు ఒళ్ళు ఝల్లుమంది. భయంతో కాదు, సంతోషంతో. ఇన్నేళ్ళూ లోకాన్ని కదలొద్దని ఆపుతూ వచ్చిన మనిషికి, కదులుతున్న లోకాన్ని ఒక్కసారైనా పట్టుకోవాలనే కోరిక లోపలెక్కడో ఉందని అప్పుడే తెలిసింది. ఆ రాత్రి భార్యతో చెబితే ఆవిడ, "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మీరే కదా నాకు చెప్పేవారు?" అంది. "నీళ్ళు తాగీ తాగీ విసుగొచ్చిందే" అన్నారాయన.

పథకం చక్కగా వేసుకున్నారు. సెలవురోజు పొద్దున బడి మైదానం ఖాళీగా ఉంటుంది. అయిదు కుక్కలు, అరగంటకొకటి చొప్పున వస్తాయి. దేని ఆట దానిది. యజమానులకు ఫోన్లు చేసే పని బావమరిదికి అప్పగించారు. కుక్కలు కెమెరావైపు చూసేలా కీచుమనే రబ్బరుబొమ్మ ఒకటి కొనుక్కురమ్మని కూడా చెప్పారు.

"నీకెందుకు బావా, నేను చూసుకుంటాగా" అన్నాడు బావమరిది. అతనా మాట అన్నప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి విరగడం ఆనవాయితీ. అయినా స్టెడీగారి మనసు గాల్లో ఉంది. పట్టించుకోలేదు.

భార్య స్కూటరు మీద ఆయన మైదానం చేరేసరికి అయిదు కుక్కలూ అక్కడే ఉన్నాయి. అయిదింటి గొలుసులూ చిక్కుపడి, అయిదుగురు యజమానులూ ఒకరి చుట్టూ ఒకరు ప్రదక్షిణం చేస్తున్నారు.

"ఒరేయ్, అరగంట తేడాతో రమ్మనమన్నానా లేదా?"

"అన్నావు బావా. కానీ చెప్పిన టైముకి ఎవరొస్తారు చెప్పు? అందరికీ ఏడింటికని చెబితే, వాళ్ళంతట వాళ్ళే అరగంట తేడాతో వస్తారనుకున్నా."

"కుక్కలున్న ఇంట్లో ఆలస్యంగా లేవడం కుదరదండీ" అంది డాక్టరమ్మ నవ్వుతూ. "పోనివ్వండి, అన్నీ కలిసి ఆడుకుంటాయి. ఇంకా బావుంటుంది."

స్కూటరు మీదున్న ఇల్లాలు మాత్రం గేటు దాటనంది. "నాకూ కుక్కలకీ పడదు. నేనిక్కడే కూర్చుంటా. మీ పని అయ్యాక కేకెయ్యండి."

గొలుసులు విప్పారు. అంతే! స్టెడీగారి గుండె ఎగిరి గంతేసింది. లాబ్రడార్ నీళ్ళకుళాయి కింద దొర్లి, లేచి ఒళ్ళు విదిలిస్తే ఎండలో నీటిచుక్కలు పూసల్లా చెదిరాయి. దర్జీగారి డాష్‌హండ్, మూరెడు ఒళ్ళూ జానెడు కాళ్ళూ వేసుకుని, తన చెవుల మీద తానే అడుగేసుకుంటూ బంతి వెనక దూకింది. దూదిమూటలాంటి పామేరియన్, పెన్షను ఆగిపోయినట్టు ముఖం పెట్టే పగ్ కలిసి దర్జీగారి మెడలోని టేపును చెరో కొసా పట్టుకు లాగుతున్నాయి. జర్మన్ షెపర్డ్ ఒక్కటే హుందాగా నిలబడి అన్నిటినీ పర్యవేక్షిస్తోంది. దాని యజమాని పోలీసు కుక్కలకు తర్ఫీదునిచ్చి రిటైరైన హెడ్డుగారు. కుక్కను డాక్టరమ్మకు అప్పగించి, ఎదుటి కొట్లో టీ తాగడానికి వెళ్ళాడు.

"అబ్బ! అబ్బబ్బ!" అంటూ స్టెడీగారు గడ్డిలో బోర్లా పడుకున్నారు, మళ్ళీ లేచారు, మోకాళ్ళ మీద పాకారు. చిక్కల్లా ఒక్కటే, ఒక్క కుక్కా ఇటు తిరగడం లేదు. కెమెరాలో కనిపించేవన్నీ తోకలే.

"ఒరేయ్, ఆ కీచుబొమ్మ తియ్యి!"

"బొమ్మ దొరకలేదు బావా. దానికంటే మంచిది తెచ్చా" అంటూ బావమరిది జేబులోంచి ఆటల మాస్టర్లు ఊదే ఈల తీశాడు. పళ్ళ మధ్య బిగించి, కుక్కలు తన వెంట పడతాయని నాలుగడుగులు వెనక్కి పరిగెడుతూ, చెవులు చిల్లులు పడేలా ఊదాడు.

జర్మన్ షెపర్డ్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఈల మోగితే, పరిగెత్తేవాణ్ణి పట్టుకోవాలన్నది అది చిన్నప్పటినుంచీ నేర్చుకున్న చదువు. మైదానమంతా కలయజూసింది. పరిగెత్తేవాడు ఒక్కడే కనిపించాడు.

బావమరిది కాలికి బుద్ధి చెప్పాడు. కంగారులో ఈల ఉమ్మెయ్యాలన్న తెలివి రాలేదు. అతను వగర్చినప్పుడల్లా ఈల మోగింది. ఈల మోగినప్పుడల్లా షెపర్డ్‌కు ఉత్తరువు అందింది. ముందు కుక్క పరిగెత్తింది కదా అని లాబ్రడార్ అందుకుంది. లాబ్రడార్ వెనక మిగతా మూడూ. కుక్కల వెనక దర్జీగారూ, డాక్టరమ్మా, మిగతా యజమానులూ. అందరూ కలిసి గేటు దాటి వీధిన పడ్డారు.

"ఎక్కండి!" అని అరిచింది ఇల్లాలు, స్కూటరు స్టార్టు చేస్తూ.

"ఎక్కడికే?"

"నా తమ్ముణ్ణి అయిదు కుక్కలు తరుముతుంటే ఎక్కడికని అడుగుతారేంటండీ!"

కుక్కలంటే ఆమడదూరం జరిగే మనిషి, స్కూటర్ను కుక్కల పక్కనుంచే దూకించింది. రెండు విసుర్లలో తమ్ముడి ముందుకు తెచ్చింది. స్టెడీగారు వెనకసీటు మీద వెనక్కి తిరిగి కూర్చున్నారు. అలా తిరిగి చూసేసరికి ఆయనకు స్వర్గం కనిపించింది. వీధి వీధంతా తన మీదకు పరిగెత్తుకొస్తోంది! ఎర్రటి పొద్దుటెండ ఏటవాలుగా అందరి ముఖాల మీదా పడుతోంది. ఆయన వేలు ఇక మీట మీదనుంచి లేవలేదు.

"ఏవండీ, మీరు దిగండి! వాణ్ణి ఎక్కనివ్వండి!"

"ఒక్క నిమిషం ఆగవే! వెలుతురు అద్భుతంగా ఉంది!"

"ఈ... బా... ఈ... వా!" అన్నాడు బావమరిది, ఈలతో సహా.

ఈల వినీ, పరుగు చూసీ వీధి ఊరుకుంటుందా! మంగలిషాపులోంచి సగం గడ్డం గీయించుకున్న మనిషి, మెడలో తెల్లగుడ్డతో ఉరికి వచ్చి, "దొంగ! దొంగ! పట్టుకోండి!" అన్నాడు. అతని డబ్బులింకా ముట్టలేదు గనక కత్తి పట్టుకునే మంగలి బయల్దేరాడు. కత్తి చూసి జనం దారి ఇచ్చారు, ఆ వెనకే కలిశారు. మొదటి మలుపులో దొంగ ఒక్కడే. రెండో మలుపుకి ముగ్గురయ్యారు. మూడో వీధికి వచ్చేసరికి దేని వెనక ఎందుకు పరిగెడుతున్నదీ ఎవరికీ తెలియదు. డాక్టరు రోజూ పరిగెత్తమన్న లావుపాటి లెక్చరరుగారు, ఇదేదో ఆరోగ్యపు పరుగనుకుని, బాల్కనీలోంచి "ఉండండి, నేనూ వస్తున్నా!" అని కేకేసి, ఒక కాలికి బూటూ ఒక కాలికి చెప్పూ వేసుకుని వచ్చి చేరారు.

ఊరేగింపు వీధులన్నీ చుట్టి మైదానం వెనక గేటులోంచి లోపలికి వచ్చింది. పిల్లలు లాంగ్‌జంపు చేసే ఇసుకగుంట పక్కన, చేతిలో టీ గ్లాసుతో హెడ్డుగారు నిలబడి ఉన్నాడు. పరిస్థితి చూశాడు. గ్లాసు కింద పెట్టాడు. గుండెల నిండా గాలి పీల్చుకుని, ఒక్క అరుపు అరిచాడు.

"కూర్చో!"

షెపర్డ్ ఎక్కడిదక్కడ కూర్చుంది. దాన్ని చూసి లాబ్రడార్, దాని పక్కన డాష్‌హండ్, పామేరియన్, పగ్, అయిదూ వరసగా కూర్చున్నాయి. జనంలోంచి కూడా ఒకడు టక్కున కూర్చుని చేతులు తల మీద పెట్టుకున్నాడు. వాడికీ హెడ్డుగారికీ పాత పరిచయం ఉండి ఉండాలి.

మిగతా మనుషులకు మాత్రం ఆగడమెలాగో తెలియలేదు. బావమరిది ఇసుకగుంటలో పడ్డాడు. అతని మీద దర్జీ, దర్జీ మీద సగం గడ్డం, ఆ పైన మంగలి, కత్తి దూరంగా విసిరేసి మరీ. అందరికంటే పైన లెక్చరరుగారు. స్టెడీగారు స్కూటరు దిగి, గుంట చుట్టూ గెంతుతూ ఆఖరి ఫోటోలు తీశారు. అయిదు కుక్కలూ తలలు ఒక పక్కకు వాల్చి, ఈ మనుషులకేమైందా అన్నట్టు చూస్తూ కూర్చున్నాయి.

హెడ్డుగారు కుప్ప అడుగునుంచి బావమరిదిని బయటికి లాగి, నోట్లోంచి ఈల ఊడబెరికాడు. "ఈల మోగితే పట్టుకోమని అర్థం నాయనా. వీధి పొడుగునా నువ్వే మా కుక్కకి ఆర్డర్లు ఇచ్చుకుంటూ పోయావు."

"మరి ముందే చెప్పొచ్చు కదండీ!"

"చెబుదామనే టీ తాగి వచ్చా. మీరప్పటికే బయల్దేరారు."

ఎవరికీ గీతలకు మించిన దెబ్బలు తగల్లేదు. ఇల్లాలు తమ్ముడి ఒంటి ఇసుక దులిపి, ఆ ఊపులోనే షెపర్డ్ తల కూడా నిమిరి, చేసిన పని తెలిశాక చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

అందరూ స్టూడియోకు వచ్చారు. స్టెడీగారు ఆత్రంగా కంప్యూటరు తెరిచారు. "అమ్మా, చూడండి! జీవితంలో ఇలాంటివి..." అంటూ మొదటి ఫోటో పెట్టి, అక్కడే ఆగిపోయారు.

ఫోటోలో కుక్క లేదు. కుక్క ఉండాల్సిన చోట గోధుమరంగు మరక ఉంది. దాని వెనక డాక్టరమ్మ మాత్రం స్పష్టంగా ఉంది, రెండు కాళ్ళూ నేలకు ఎత్తున, జడ గాల్లో నిలువుగా. రెండో ఫోటోలో నల్లటి మరక, సగం గడ్డం. మూడో దాంట్లో తెల్లటి మరక, ఉబ్బిన బుగ్గలతో, బయటికొచ్చిన కళ్ళతో బావమరిది. మనిషి ముఖం ఎక్కడుంటే అక్కడికే గురి కుదుర్చుకునేలా పాస్‌పోర్టు ఫోటోల కోసం ఆయన కెమెరాను ఏనాడో అమర్చి పెట్టుకున్నారు. గెంతడం ప్రాక్టీసు చేశారు గానీ అది మార్చడం మరిచిపోయారు. పాపం, కెమెరా కుక్కను మించిన విశ్వాసం చూపించింది. తీసినవాటిలో కుక్కలు స్పష్టంగా ఉన్నవల్లా చివరివే. అందులో అయిదూ బుద్ధిగా, గడ్డాలు కొంచెం దించి, కదలకుండా కూర్చున్నాయి.

స్టెడీగారి చెవులు ఎర్రబడ్డాయి. బావమరిది గోడ మీది గీతను, తర్వాత బావ ముఖాన్ని చూసి, మొదటిసారిగా జిరాక్సు మాట ఎత్తకుండా ఊరుకున్నాడు.

"క్షమించండమ్మా" అన్నారు స్టెడీగారు. "నాకు చేతకాని పని ఒప్పుకున్నాను. మీకు కుక్కలు కావాలి. ఇవన్నీ మనుషులు."

డాక్టరమ్మ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని ఇల్లాలు మంచినీళ్ళు తెచ్చింది. తీరా చూస్తే నవ్వు. ఆపుకోలేక, బల్ల పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"ఆ సగం గడ్డాన్ని మళ్ళీ చూపించండి. అబ్బ, ఏం దూకుడండీ! ఆ లెక్చరరుగారు గాల్లో ఉన్నది ఉందా? ఏవండీ, నేను అడిగిందేమిటి? రకరకాల జాతులు పరిగెత్తాలి, గెంతాలి, ఒకదాని మీద ఒకటి పడి ఆడుకోవాలన్నాను. అన్నీ ఉన్నాయిగా!"

"మరి కుక్కలు...?"

"కుక్కలు అట్ట మీద ఉంటాయి. చూస్తూ కూర్చుంటాయి."

క్యాలెండరు అలాగే అచ్చయింది. ముఖాలు పడినవాళ్ళందరినీ ముందుగా అడిగారు. సగం గడ్డం మనిషి ససేమిరా అన్నాడు, తర్వాత తన ఫోటో ఏ నెలలో వేస్తున్నారో కనుక్కుని, పెళ్ళాం పుట్టిన నెలకు మార్పించుకుని ఒప్పుకున్నాడు. లెక్చరరుగారు అదే మొదలు రోజూ పరిగెడుతున్నారు. గోడ మీది సుద్దగీతను ఇల్లాలు తడిగుడ్డతో తుడిచేసింది. బావమరిది అడ్డు చెప్పలేదు, అతను ఏప్రిల్లో ఉన్నాడు.

క్యాలెండర్లు ఊళ్ళో గోడలకెక్కిన వారానికే స్టూడియోలో ఫోను మోగింది. ఎముకల ఆసుపత్రి డాక్టరుగారు మాట్లాడారు. తనకూ అలాంటి క్యాలెండరే ఒకటి కావాలట, వీలైతే అదే మనుషులతో.